ఆరంభమున తడబడిన జట్టు: ఊరివారి వాదము



తర్కము చదివిన ముసలి ఉపాధ్యాయుడు బంతియాటను గూర్చి ప్రసంగించుట యేమి చోద్యమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. కాని వేసవి వచ్చినదనగా మన కొత్తగూడెములో బొగ్గుగని షిఫ్టు దిగి వచ్చువాడు మొదలుకొని, భద్రాచలము రోడ్డు స్టేషను ఎదుట టీ కాచువాని వఱకు, మిరపకాయ బస్తాలు లారీ కెత్తు కూలివాని వఱకు, అందఱి నోటను ఒకటే మాట: మన హైదరాబాదు జట్టు నిన్న ఎన్ని పరుగులు చేసినది? రెండు నెలలపాటు ఊరంతయు ఒక్క విషయమును గూర్చియే వాదించుచుండగా, ఆ వాదము ఏ రీతిని నడచుచున్నదో విచారించుట ఉపాధ్యాయునకు తగని పని కాదని నా తలంపు.

ఈ యాట నెఱుగని పెద్దలకొఱకు రెండు మాటలు. ఒక్కొక్క పక్షమునకు ఇరువది ఓవర్లు, అనగా నూట యిరువది బంతులు. పది వికెట్లు పడినచో ఆ పక్షపు ఆట ముగిసినట్లే. ఎక్కువ పరుగులు చేసినవారిది గెలుపు. మొదటి ఆరు ఓవర్లలో దూరమున కాపలా కాయువారు ఇద్దఱికి మించి యుండరాదు గనుక, ఆ సమయమున బలముగా కొట్టువారికి పంట పండును. ఐ.పి.ఎల్. అను ఈ పోటీ 2008లో ఆరంభమైనది. అప్పటి హైదరాబాదు జట్టు దక్కన్ ఛార్జర్స్ మొదటి యేడు అందఱికంటె అడుగున నిలిచి, మఱుసటి యేడు 2009లో విజేత యైనది. ఆ జట్టు పోయిన పిదప 2013 నుండి సన్‌రైజర్స్ హైదరాబాదు ఆడుచున్నది. ఇది 2016లో గెలిచినది.

2024లో ఈ జట్టువా రొక క్రొత్త మార్గమును పట్టిరి. మొదటి బంతి నుండియే విజృంభించి కొట్టుట వారి వ్రతము. మార్చి 27న ముంబయి మీద 277 పరుగులు, ఏప్రిల్ 15న బెంగుళూరు మీద 287 పరుగులు, ఏప్రిల్ 20న ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలోనే ఒక్క వికెట్టయిన పోకుండ 125 పరుగులు చేసిరి. ఇట్లు కొట్టుట నేడు పుట్టిన వింత యని పిల్లలనుకొందురు. మన తెలుగు కుటుంబములో జన్మించిన సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన సంగతి వారికెవ్వరును చెప్పలేదు కాబోలు. అది యట్లుండనిండు. 2024లో అంత్యపోరాటము వఱకు వచ్చిన ఈ జట్టు, మే 26న చెన్నపట్టణములో 113 పరుగులకే కూలి కలకత్తాకు లొంగినది. ఒకే మార్గము 287 పరుగులను ఇచ్చినది, 113 పరుగులను ఇచ్చినది. ఈ రెండంకెలను మనస్సునం దుంచుకొనుడు.

2025లో మార్చి 23న ఉప్పలు మైదానమున రాజస్థాను మీద మొదటి ఆటలోనే 286 పరుగులు! ఇషాన్ కిషన్ అను యువకుడు 47 బంతులలో 106 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. ఆ రాత్రి మా వీధిలో టపాకాయలు కాల్చిరి. నాలుగు దినములకు లక్నో జట్టు వచ్చినది. మనవారు 190 చేసిరి. వారు దానిని పదునేడవ ఓవరులోనే మ్రింగివైచిరి. ఉగాది పండుగ మార్చి 30న విశాఖపట్టణములో ఢిల్లీతో ఆట. ఆనాటి ఉదయమున నేను పంచాంగము చదువుచుండగా ఒక కుఱ్ఱవాడు లేచి, "పంతులుగారూ, అన్ని రాశులకు ఆదాయ వ్యయములు చెప్పితిరి గదా, సన్‌రైజర్స్ జట్టుకు గూడ చెప్పండి" అనెను. జన్మనక్షత్రము తెమ్మంటిని. మధ్యాహ్నము జట్టు 37 పరుగులకు నాలుగు వికెట్లు పోగొట్టుకొని 163 పరుగులకు ముగిసినది. స్టార్క్ అను ఆస్ట్రేలియా బౌలరు అయిదు వికెట్లు తీసెను. ఏప్రిల్ 3న కలకత్తాలో తొమ్మిది పరుగులకు మూడు వికెట్లు, మొత్తము 120, ఎనుబది పరుగుల తేడాతో పరాజయము.

ఏప్రిల్ 6 శ్రీరామనవమి. భద్రాద్రిలో కల్యాణము చూచి సాయంకాలము బస్సులో తిరిగి వచ్చుచుంటిని. బస్సులో సగము మంది తలంబ్రాల పొట్లములను పట్టుకొన్నవారు, సగము మంది ఫోనులను పట్టుకొన్నవారు; ఒక చేత నది, ఒక చేత నిది పట్టుకొన్నవారును గలరు. గోదావరి వంతెన దాటి సారపాక విడిచిన కొంతసేపటికే గుజరాతు జట్టుతో ఆట మొదలై, మొదటి ఓవరులోనే ట్రావిస్ హెడ్ వికెట్టు పడెను. తీసినవాడు మన హైదరాబాదు బిడ్డయే, మహమ్మదు సిరాజు. ఆనాడు వానికి పదునేడు పరుగులకు నాలుగు వికెట్లు. మన జట్టు 152 పరుగులకు ఆగి, వరుసగా నాలుగవ ఆట ఓడి, పది జట్లలో పదియవ స్థానమున బడినది. పాల్వంచ చేరకమునుపే బస్సులో యుద్ధము ఆరంభమైనది.

గనిలో ఓవర్‌మన్‌గా పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకడు తన వాదమును మొదలుపెట్టెను. గనిలో దిగిన పనివాడు కఱ్ఱతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, అది గట్టిదో గుల్లదో తెలిసికొనియే అడుగు పెట్టును. అట్లే బ్యాటు పట్టినవాడు నాలుగు బంతులు తట్టి చూడవలెను. వీరు చప్పుడు వినకుండ చొఱబడుచున్నారు, కప్పు కూలక యేమగును? ఇది ఆయన మాట. ఆయన బావమఱది దోషమంతయు పిచ్‌దే ననెను. వేలములో కోట్లు పలికిన తరువాత మనుష్యుడు చెమటోడ్చునా అని వెనుక బల్ల నుండి ఒక గొంతు. "అయిదు ఆటలే కదా మామా, ఇంకా తొమ్మిది ఉన్నాయి" అని కళాశాల విద్యార్థి. వీరందఱి నడుమ ఒకడు, ఎవ్వరేమి చెప్పినను కాదనుటయే పనిగా పెట్టుకొని, తన మాట మాత్రము ఎన్నటికిని చెప్పకుండెను. కొత్తగూడెములో దిగునప్పటికి ఆ బావ బావమఱదులు మాటలాడుకొనుట మానిరి. పండుగ నాడు ఒకే ఇంటికి పోవలసినవారు రెండు ఆటోలలో పోయిరి.

గౌతమ మహర్షి చెప్పిన పదునాఱు పదార్థములలో వాదము, జల్పము, వితండ అను మూడు గలవు. తత్త్వమును తెలిసికొనవలెనను కోరికతో ప్రమాణములు చూపి ఇరువురు మాటలాడుకొనుట వాదము. గెలుపే కోరికగా మాటల పెడర్థములు తీయుట, అడ్డుత్రోవలు త్రొక్కుట జల్పము. తనకు ఏ పక్షమును లేకుండ ఎదుటివాని పక్షమును పడగొట్టుట వితండ. ఆ బస్సులో మూడును చూచితిని. ఓవర్‌మన్ మొదట పలికినది వాదమే. దానికి హేతు వున్నది, ఉదాహరణ మున్నది, అదియు తన జీవితమున చూచిన ఉదాహరణము. సారపాక నుండి పాల్వంచకు పోవుసరికి అది జల్పమైనది. ఆ కాదనువాడు మొదటినుండియు వైతండికుడే.

ఓవర్‌మన్‌గారి పక్షమునే తీసికొందము. "వీరు ప్రతి బంతిని బాదుచున్నారు గనుక ఓడుచున్నారు" అనుట. 2024లో 287 చేసిన నాడును వీరు ప్రతి బంతిని బాదిరి, అప్పుడు గెలిచిరి. గెలిచినచోటను ఓడినచోటను ఒక్కటియే కనబడు హేతువును మన తార్కికులు సవ్యభిచార మనిరి. దానితో ఏదియు సాధింపరాదు. అయినను ఆయన మాటలో సత్యములేదని చెప్పను. నిప్పున్నచోట నెల్ల పొగ యుండునా? ఎఱ్ఱగా కాల్చిన ఇనుప గుండులో నిప్పున్నది గాని పొగ లేదు. తడికట్టె తోడైనప్పుడే పొగ వచ్చును. ఆ తడికట్టెను ఉపాధి యందురు. దూకుడునకు తోడై ఓటమిని తెచ్చిన తడికట్టె యేదని వెదుకవలెను. నేను చిన్న పుస్తకములో ప్రతి ఆటను వ్రాసుకొను అలవాటు కలవాడను. అది తిరుగవేసి చూచితిని. ఆ నాలుగు ఓటములలోను ఒక పోలిక కనబడినది. క్రొత్త బంతి గాలిలో వంపు తిరుగుట వలననో, ఎదుటివారు కొట్టుటకు వీలులేని నిడివిలో వేయుట వలననో, మొదట వచ్చు ముగ్గురిలో ఇద్దఱు త్వరగా పోవుచున్నారు. లక్నో ఆటలో అభిషేకు శర్మ, ఇషాన్ కిషన్ ఇరువురును శార్దూలు ఠాకూరు వేసిన వరుస బంతులలో పోయిరి. పిదప వచ్చువారును అదే దూకుడుతో ఆడిరి. ఇద్దఱు పోయిన తరువాత మూడవవాడు ఆగి నిలువబడు ఏర్పాటు లేకపోవుటయే నాకు తోచిన తడికట్టె. పిచ్‌ను తిట్టిన బావమఱది మాటలో గూడ కొంత యున్నది. ఉప్పలులో బంతి బ్యాటు మీదికి వచ్చినట్లు అన్ని మైదానములలోను రాదు.

మన రైతులకు ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. ఉన్న నాలుగెకరములలోను మిరప వేసినవానికి ఒక యేడు ఇల్లు లేచును, ఒక యేడు ఇల్లు తాకట్టు పడును. రెండెకరములు జొన్న వేసికొన్నవాడు మేడ కట్టడు, కాని వాని గాదె యెన్నడును వట్టిదిగా నుండదు. సన్‌రైజర్స్ వారు పొలమంతయు మిరప వేసిరి. మిరప వేయుట తప్పు కాదు. మిరప వేసి, ధర పడిన యేడు "ఈ రైతునకు సేద్యము రా"దని గేలిచేయుట మాత్రము తప్పు.

ఇక "ఇంకను ఆరంభమే" యన్న విద్యార్థి మాట. ఇది పైకి ఓదార్పువలె వినబడును గాని, నిజమునకు ఇదియొక లెక్క. అమెరికాలో బేస్‌బాల్ అను బంతియాట యొకటి గలదు. అచ్చటి పెద్ద పోటీలో ఒక్కొక్క జట్టు యేటేట 162 ఆటలాడును. వసంతకాలమున తమ జట్టువారు బంతిని కొట్టలేకపోయిన అచ్చటి అభిమానులును మన బస్సువలెనే గోల చేయుదురు. ఆ యాటలో పది మారులకు మూడు మారులు బంతిని చక్కగా కొట్టి నిలిచినవాడు మేటి. టెడ్ విలియమ్స్ అను మహాక్రీడాకారుడు 1941లో పదింట నాలుగింటికి కొంచెము మించి సాధించెను. దానినే నేటికిని గొప్పగా చెప్పుకొందురు. అనగా పదింట ఆఱుమారులు విఫలుడైనవాడే అచ్చట చక్రవర్తి. అట్టి యాటలో పది దినముల వైఫల్యమును చూచి ఏమి తేల్చగలము? అయితే మన విద్యార్థి ఒక సంగతి మఱచెను. అచ్చట 162 ఆటలు; ఇచ్చట 14. అచ్చటి అయిదు ఆటలు సముద్రములో చెంబెడు నీరు. ఇచ్చటి అయిదు ఆటలు మూడవ వంతు పోటీ. అయిదింట నాలుగు ఓడినవాడు కొట్టు విధమును గూర్చి తీర్పు చెప్పుటకు అయిదు ఆటలు చాలవు. కాని పట్టికలో పై నలుగురిలో చేరుటకు మాత్రము ఆ నాలుగు ఓటములు భారమే. ఈ రెండును వేఱువేఱు ప్రశ్నలు. బస్సులో రెండింటిని కలిపి మాటలాడుట వలననే సగము కలహము పుట్టినది.

దరిచేరినవారు లేకపోలేదు. ముంబయి జట్టు 2015లో మొదటి నాలుగు ఆటలు ఓడి చివరకు విజేత యైనది. బెంగుళూరు 2024లో మొదటి యెనిమిదింట ఏడు ఓడి, వరుసగా ఆఱు గెలిచి పై నలుగురిలో చేరినది. దరిచేరనివారిని ఎవ్వరును తలచుకొనరు. దక్కన్ ఛార్జర్స్ 2008లో పదునాలుగింట రెండే గెలిచినది. లేచినవారినే లెక్కించి పడినవారిని మఱచినచో ఏ సిద్ధాంతమైనను నిజమువలెనే తోచును.

ఏప్రిల్ 12న పంజాబు జట్టు హైదరాబాదులో 245 పరుగులు చేసెను. అయిదు ఆటలలో కలిసి 51 పరుగులు మాత్రమే చేసియుండిన అభిషేకు శర్మ ఆ రాత్రి 55 బంతులలో 141 చేసెను; ఐ.పి.ఎల్.లో భారతీయు డొకడు చేసిన పరుగులలో ఆనాటికి అదియే మిన్న. హెడ్‌తో కలిసి మొదటి వికెట్టునకు 171. తొమ్మిది బంతులు మిగిలి యుండగనే మనవారు 247 చేసి గెలిచిరి. మఱునాడు ఊరంతయు మాట మార్చినది. "చూచితిరా, వారి మార్గమే సరియైనది" అనిరి. నిన్నటి దాక తిట్టినవారే ఈ మాట అనిరి. కాని 28 పరుగుల వద్ద అభిషేకు కొట్టిన బంతిని ఎదుటివాడు పట్టుకొనెను; బౌలరు గీత దాటి వేసినందున అది నో బాల్ అయినది. బౌలరు పాదము కొన్ని అంగుళములు వెనుక పడియుండినచో, అదే దూకుడు, అదే ధైర్యము, అదే మార్గము, 28 పరుగులకు ముగిసి, మఱునాడు తిట్లను తెచ్చియుండును. మార్గమునకు మెప్పు దక్కినదా, పాదమునకు దక్కినదా? పిదప ముంబయితో రెండు మారులు ఓడిరి. రెండవ మారు ఏప్రిల్ 23న 35 పరుగులకు అయిదు వికెట్లు. మే 25న కలకత్తా మీద మరల 278. అప్పటికి ఆలస్యమైనది. ఆఱు గెలుపులు, ఏడు ఓటములు, వాన వలన ఒక ఆట రద్దు; ఆఱవ స్థానము.

ఈ తొందర తీర్పును మనము ఆటగాండ్ర మీదనే గాక ఇంట పిల్లల మీద గూడ చెప్పుచున్నాము గనుకనే ఇంత దూరము చెప్పితిని. మూడు నెలల పరీక్షలో లెక్కలు తప్పిన పిల్లను బడి మాన్పించిన తండ్రులను నేను ముప్పదియేండ్లకు పైగా చూచితిని. మన భద్రాచలము బిడ్డ గొంగడి త్రిష 2025 జనవరిలో మలేషియాలో జరిగిన పందొమ్మిదేండ్ల లోపు బాలికల ప్రపంచ పోటీలో మొదటి ఆటలో చేసినవి నాలుగు పరుగులు. ఆ నాలుగింటిని చూచి పక్కన కూర్చుండబెట్టి యుండినచో! జనవరి 28న స్కాట్లండు మీద 59 బంతులలో 110 చేసి అజేయురాలైనది. ఆ పోటీ చరిత్రలో మొదటి శతకము అదియే. ఫిబ్రవరి 2న అంత్యపోరాటమున దక్షిణాఫ్రికా మీద మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో నిలిచి జట్టును గెలిపించెను. పోటీ మొత్తములో 309 పరుగులు, ఏడు వికెట్లు. పోటీకంతటికి మేటి క్రీడాకారిణి యని బహుమతి. ఆమెకు ఆటలు మిగిలియుండిన వనుట గాదు. ఆటలు మిగిల్చినవా రుండిరని నేను చెప్పుచున్నాను.

ఇంకొక సంగతి చెప్పక విడువరాదు. ఐ.పి.ఎల్. వచ్చు కాలమును, ఖమ్మము యార్డులో తేజ రకపు మిరప అమ్మి రైతు చేతికి పైకము వచ్చు కాలమును ఒక్కటియే. నేనెఱిగిన యొక గ్రామములో, పేరు చెప్పను, ఒక కుఱ్ఱవాడు తండ్రి ఎరువుల కొట్టునకు కట్టుమని యిచ్చిన పైకమును ఫోనులో పందెము పెట్టెను. మార్చి 23 నాటి 286 పరుగులను చూచి, ఈ జట్టు ఇక ఓడదని వాని నమ్మకము. లక్నో ఆటలో కొంత పోయెను. పోయినదానిని రాబట్టవలెనని ఉగాదినాడు రెండింతలు పెట్టెను. కలకత్తా ఆటనాటికి మిగిలినదియు పోయెను. పోయిన యాటకు రాబోవు ఆట ఋణపడి యుండునని వాడు తలచెను; అట్టి ఋణపత్రము ఏ బంతియు వ్రాసి యియ్యలేదు. 2017లోనే తెలంగాణ ప్రభుత్వము జూదపు చట్టమును సవరించి ఫోనులలోని పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్రము డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. చట్టము వచ్చినంతనే పందెము ఆగునని నేను నమ్మను. కోడిపందెములకు చట్టము లేదా?

ఆ తండ్రి నాయొద్దకు వచ్చి కొట్టవలెనా, ఇల్లు వెడలగొట్టవలెనా అని యడిగెను. రెండును వలదంటిని. ఎరువుల కొట్టు యజమానిని కలిసి నిజము చెప్పి గడువు అడుగుమంటిని, పైకము వ్యవహారము కొన్నాళ్లు వాని చేతికి ఇయ్యవలదంటిని, ఫోనులోని ఆ పందెపు ఖాతాను తన యెదుటనే మూయింపుమంటిని. ఆ యేడు మిరప ధర పడిపోయినందున అప్పు తీరుటకు రెండు పంటలు పట్టినవి. కుఱ్ఱవాడు ఇప్పుడు తండ్రితో పొలము పోవుచున్నాడు, ఆటయు చూచుచున్నాడు. ఆట చూడవలదని నేను చెప్పలేదు. పైకము లేకుండ చూచునప్పుడు వాడు చేయు వాదము వినుటకు నాకే సంతోషముగా నుండును. వచ్చు మాఘమున ఎకరము జొన్న కోయుదు రట.

ఇక సెలవు.